చర్మకారుడు విధికుని పూలకుండ: పుష్పరచనలో లయ, గతి
(శ్రీవిజయపురంలో, వైశాఖ పూర్ణిమకు ముందు జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పూలను అమర్చడంలో లయ ఎలా పుడుతుంది, కదలని పూవు కంటికి కదులుతున్నట్లు ఎలా తోస్తుంది అన్న విషయం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. చరిత్ర పాఠాలు చెప్పుకొనేవారికి పూలతో ఏమి పని అని కొందరు అనుకొని ఉండవచ్చును. అంతకంటె పదునైన ప్రశ్న మరొకటి ఉన్నది. పూలు, పత్రి, పూజ అనే మూటను దించుకొని కదా మనము ఈ త్రోవకు వచ్చాము, మళ్ళీ బుద్ధుని ముందు పూలెందుకు? ఈ మాట అన్నవారిని మేము తేలికగా తీసివేయము. వారి తాతలు పెంచిన బంతిపూలు గుడిలోకి వెళ్ళాయి, తాతలు మాత్రం వెళ్ళలేదు. ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నవారికి పూలబుట్టను చూస్తే మనసు చివుక్కుమనడం సహజం.

దీనికి పూర్తిగా ఎదురుగా మరొక పక్షం ఉన్నది. వీరికి పూలమీద ప్రేమ ఎక్కువ. పూర్ణిమ నాడు వీరు వేసిన దండలు బుద్ధుని గడ్డం దాకా వస్తాయి. ధర్మచక్రముద్రలో ఉన్న చేతులు ఎవరికీ కనబడవు. పక్కన బాబాసాహెబ్ చిత్రపటంలో కళ్ళజోడు ఒక్కటే దండల మీదనుండి చూస్తూ ఉంటుంది. మొదటి పక్షంవారు పూలే వద్దంటారు, రెండవ పక్షంవారు పూల కిందనే పాతిపెడతారు. ఈ ఇద్దరికీ చెప్పవలసిన సమాధానం ధాన్యకటకంలో, ఒక రాతిపలక మీద చాలాకాలం క్రితమే చెక్కి ఉన్నది.

అమరావతి మహాచైత్యానికి రాళ్ళు, స్తంభాలు, పలకలు దానమిచ్చినవారి పేర్లు అక్కడి ప్రాకృత శాసనాలలో కనిపిస్తాయి. వర్తకులు, గృహపతులు, భిక్షువులు, భిక్షుణులు, సాధారణ గృహిణులు అందులో ఉన్నారు. వారిలో ఒకడు విధికుడు. శాసనం అతనిని చర్మకారుడని చెబుతున్నది. నాగ ఉపాధ్యాయుని కుమారుడని కూడా చెబుతున్నది. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుడనే కుమారునితో, కూతుళ్ళతో, జ్ఞాతులతో, మిత్రులతో, బంధువులతో కలిసి అతడు మహాచైత్యానికి ఒక దానం చేశాడు. అతడు ఇచ్చినది పున్నఘటక పలక, అనగా పూర్ణఘటాన్ని చెక్కిన రాయి. మరొక విధంగా చెప్పాలంటే, తోలుపని చేసుకొని బతికిన ఒక మనిషి తన ఇంటిల్లిపాది పేరున మహాచైత్యానికి ఒక పూలకుండను ఇచ్చాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. తోలుపనివాని తండ్రి ఉపాధ్యాయుడు. వృత్తి, విద్య ఒకే పంక్తిలో, ఒకే కుటుంబానికి చెప్పబడ్డాయి. విధికుడు తన పనిని దాచుకోలేదు, పేరుకు ముందు పెట్టుకొన్నాడు. ఈ ఒక్క శాసనాన్ని చూపి ఆనాడు సమాజంలో ఎచ్చుతగ్గులే లేవని అనడం చరిత్ర కాదు, అలా అనేవారిని మేము సమర్థించము. అయితే మహాచైత్యం దగ్గర చర్మకారుని దానాన్ని అందుకొన్నారు, అతని పేరును రాతిమీద నిలిపారు అన్నది మాత్రం రాయి చెబుతున్న సంగతే. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పకళను ఆధారం చేసుకొని కొత్త రాజచిహ్నాన్ని స్వీకరించినప్పుడు దాని నడుమ నిలిచినది ఈ పూర్ణఘటమే. ఈనాడు అక్కడి ప్రతి ప్రభుత్వ ఉత్తర్వు మీదా ఆ పూలకుండ ఉన్నది. కనుక పూలు మనవి కావని అనేవారు విధికుణ్ణి ఒకసారి తలచుకోవాలి. మన చేతిలోనుండి ఎవరో లాక్కొన్నదానిని మనదే కాదని వదిలివేస్తే లాక్కొన్నవారికే మేలు.

ఇక పూర్ణఘటాన్ని ఒక పుష్పరచనగా చూద్దాము. పొట్ట ఉబ్బిన కుండ, సన్నని మెడ. ఆ మెడలోనుండి తామరలు పైకి లేస్తాయి. అమరావతి శిల్పులు చెక్కిన ఈ కుండలలో పూలన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని మనకు ఎదురుగా పూర్తిగా విచ్చుకొని ఉంటాయి, కొన్ని పక్కవాటుగా అర విచ్చి ఉంటాయి, కొన్ని ఇంకా మొగ్గలే. నడుమ కాడలు నిటారుగా లేస్తే, అంచులకు వచ్చేసరికి అవి వంగి, కుండ భుజాల మీదికి వాలుతాయి. చూసేవారి కన్ను మెడ దగ్గర మొదలై నడిమి పూవు దాకా ఎక్కుతుంది, అక్కడినుండి పక్కల మొగ్గల మీదుగా జారి తిరిగి కుండ దగ్గరికి వస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది. రాయి కదలలేదు, కన్ను నడిచింది. ఈ కంటినడకనే మనము చలనం లేదా గతి అంటున్నాము. ఆ నడకకు ఒక వరుస ఉంటే, ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగాలో కంటికి తెలిసేటట్లు ఉంటే, దానిని లయ అంటున్నాము.

లయ అంటే సంగీతసభలో తాళం వేసేవారికి మాత్రమే తెలిసిన విద్య అనుకోనక్కరలేదు. డప్పు విన్నవారందరికీ అది తెలుసు. దెబ్బమీద దెబ్బ ఎడం లేకుండా పడితే అది మోత. దెబ్బకూ దెబ్బకూ నడుమ కొంత ఎడం ఉంటే, ఆ ఎడం ఒకసారి పొట్టిగా ఒకసారి పొడుగ్గా వస్తే, అది దరువు. కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. పూలలోనూ ఇంతే. ఎడం లేకుండా కుక్కిన పూలు మోత, ఎడమెరిగి పెట్టిన పూలు దరువు. విధికుని వృత్తివారు బిగించిన తోలుమీద పలికే లయ, విధికుడు ఇచ్చిన రాతికుండలో తామరకాడల మధ్య కూడా ఉన్నదని మేమంటే, అది ఉపన్యాసకుల అలంకారం అని మీరు నవ్వవచ్చును. కాని చెవి నేర్చిన పాఠాన్నే కంటికి చెప్పాలంటే ఇంతకంటె దగ్గరి దారి మాకు తోచలేదు.

మహాచైత్యం చుట్టూ నిలిచిన వేదిక, అనగా రాతి ప్రాకారం, ఈ విద్యకు పెద్దబాలశిక్ష వంటిది. స్తూపం వ్యాసం సుమారు 50 మీటర్లు. దానిని చుట్టివచ్చే ఉపాసకునికి పక్కన వరుసగా స్తంభాలు, స్తంభాలను కలిపే అడ్డుసూచులు, అన్నిటిమీదా ఉష్ణీషపు రాళ్ళు. స్తంభానికి పైన ఒక అర తామర, నడుమ ఒక నిండు తామర, కింద మళ్ళీ అర తామర. అర, నిండు, అర. పక్కన అడ్డుసూచుల మీద నిండు తామరలు ఒకదాని కింద ఒకటి. మళ్ళీ స్తంభం రాగానే అర, నిండు, అర. నడిచేవారి అడుగుకు ఇది తాళం వేస్తుంది. ఒకే పూవు అన్నివందల సార్లు వచ్చినా విసుగు పుట్టకపోవడానికి కారణం, ప్రతి తామరలోనూ రెక్కల వరుసల పొందిక కొంత మారడమే. మాట అదే, పలుకు వేరు.

తలమీది ఉష్ణీషం మీద శిల్పులు ఇంకా గొప్ప పని చేశారు. ఒక లావుపాటి పూలదండ, దానిని మోస్తున్న మనుషులు. దండ మోసేవాని భుజం దగ్గర పైకి లేస్తుంది, ఇద్దరి నడుమ బరువుకు కిందికి జారుతుంది, మళ్ళీ లేస్తుంది. లేచిపడే ఆ వంపుల మధ్య ఖాళీలలో స్తూపం, చక్రం, బోధివృక్షం వంటి చిహ్నాలు. మోసేవారందరూ ఒకే తీరుగా నిలబడరు. ఒకడు లాగుతున్నట్లు, ఒకడు బరువుకు వంగినట్లు, ఒకడు వెనక్కు తిరిగినట్లు ఉంటాడు. ఈ సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఆ దండ నడక కొత్తది కాదు. కెరటం లేస్తుంది, పడుతుంది, రెండు కెరటాలు ఒక కొలతకు రావు. ఆ రాళ్ళలో కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ముక్కలు ముక్కలుగా గోడకు ఆనించి ఉన్న ఆ దండను చూసేవారు ఒక సంగతి మరచిపోతారు. అది నిలబడి చూడడానికి చెక్కినది కాదు, నడుస్తూ చూడడానికి చెక్కినది. దండ ప్రదక్షిణ చేస్తుంటే దానితోబాటు మనిషి ప్రదక్షిణ చేస్తాడు. అలంకారం అనే మాట ఇక్కడ చాలదు. పూల వరుస మనిషి పాదాన్ని, కంటిని, ఆలోచనను ఒక కేంద్రం చుట్టూ తిప్పుతున్నది.

బతుకమ్మ కూడా స్తూపమేనని, పూల అంతస్తులు మేధి, అండం, హర్మికలకు గుర్తులని కొందరు మిత్రులు రాస్తున్నారు. చూడడానికి పోలిక ఉన్నది, కాని పోలికను వంశవృక్షంగా చూపడానికి ఆ ఆధారం చాలదు. మనకు విధికుని వంటి సాక్ష్యాలు ఉండగా బలహీనమైన సాక్ష్యాలను పిలవడం ఎందుకు? తంగేడు, గునుగు పూలను రంగులవారీగా వలయాలుగా పేర్చే తెలంగాణ ఆడపడుచుల చేతిలో లయ ఉన్నదన్నది మాత్రం నిజం. అది చూసి నేర్చుకొందాము.

ఇప్పుడు ఈ బల్లమీద ఉన్న మట్టిముంతను చూడండి. ఇందులో పూలు నిలబడడానికి స్పాంజివంటి ఆకుపచ్చని ఫోమ్ ముక్కను మేము పెట్టలేదు. అది ప్లాస్టిక్కు, మట్టిలో కలవదు. చెత్త వేయడానికి చోటు వెదుక్కొనే దీవులలో, చుట్టూ సముద్రం ఉన్నచోట, ఒక్కరోజు అలంకారానికి అటువంటిదానిని వాడడం మనకు తగదు. ఎండుగడ్డిని నానబెట్టి, పిడికెడు లావున కట్ట కట్టి, ముంతలో బిగుతుగా దించాము. కాడలు అందులో గుచ్చితే నిలుస్తాయి.

మొదట ఒక ఫెర్న్ ఆకు తీసుకోండి. వర్షాకాలం మొదలైతే ఇక్కడ ఏ గట్టుమీద చూసినా దొరుకుతుంది. దానిని తిరగేసి చూడండి. అడుగున చిన్న ఆకులు పొడుగ్గా ఉంటాయి, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గుతూ కొసకు వచ్చేసరికి చుక్క అవుతాయి. ఒకే రూపం మళ్ళీ మళ్ళీ రావడం ఒకటి, వచ్చిన ప్రతిసారీ కొంచెం తగ్గడం ఒకటి. ఈ రెండూ కలిసినచోట కన్ను తనంతట తాను అడుగునుండి కొసకు పరుగెత్తుతుంది. ఇంకా విచ్చుకోని లేత ఫెర్న్ అయితే కొస చుట్టగా ముడుచుకొని ఉంటుంది, అక్కడ కన్ను తిరిగి వెనక్కు వస్తుంది. పుష్పరచనలో గతి కోసం రాసిన పుస్తకాలు పేజీలకొద్దీ చెప్పేదానిని ఈ ఒక్క ఆకు చెప్పివేసింది.

ఈ ఆకును ముంతలో నిటారుగా కాక కొంచెం ఒరిగేటట్లు గుచ్చుదాము. ముంత ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. ఇది మొదటి రేఖ. రెండవ రేఖగా ఒక దేవగన్నేరు కొమ్మ. కొమ్మలో సహజమైన వంపు ఉన్నది, దానిని సరిచేయడానికి ప్రయత్నించవద్దు. మొదటి రేఖలో మూడింట రెండు వంతులు ఉంటే చాలు, అది కాస్త ముందుకు, మరొక పక్కకు. మూడవది పొట్టిది, ముంత అంచుమీదుగా బయటికి వాలేది. దీనికి ఈ దీవులలో పోకపూల గెలను మించినది లేదు. పలుచని పాయలుగా, గింజ గింజగా, తనంతట తాను కిందికి ప్రవహిస్తుంది. మూడు రేఖలూ గడ్డికట్టలో ఒకే చోటునుండి బయలుదేరాలి. మూడు మూడు చోట్ల గుచ్చితే అవి ముగ్గురు అపరిచితులు ఒకే రేవులో ఓడ కోసం నిలబడినట్లు ఉంటాయి.

ఇక పూలు. ఎర్ర మందారాలు మూడు. మూడింటినీ ఒకే ఎత్తులో సమానమైన ఎడంతో పెడితే కవాతు వరుస అవుతుంది, కన్ను లెక్కపెట్టి ఊరుకొంటుంది. పూర్తిగా విచ్చినదానిని కింద, ముంత మెడకు దగ్గరగా పెడదాము. అర విచ్చినదానిని కొంత పైకి, పక్కవాటుగా. మొగ్గను ఇంకా పైకి, ఫెర్న్ రేఖ పక్కనే. కింది రెండింటికీ నడుమ ఎడం తక్కువ, పై రెండింటికీ నడుమ ఎడం ఎక్కువ. బరువు కింద, తేలిక పైన. ఎరుపు మూడుచోట్ల పలికింది, ప్రతిసారీ కొంచెం సన్నగా. ఇదే దరువు.

ఎడమవైపు చాలా ఖాళీ మిగిలిపోయిందని ఇప్పుడు ఎవరికైనా చేయి దురద పెట్టవచ్చును. అక్కడ నాలుగు చామంతులు పెడితే బాగుండునని అనిపిస్తుంది. పెట్టవద్దు. ఫెర్న్ ఒరిగినది ఆ ఖాళీలోకే. ఖాళీ లేకపోతే ఆకు ఎక్కడికి ఒరుగుతుంది? దండలు వేసేవారి పొరపాటు పూలను ప్రేమించడం కాదు, ఖాళీకి భయపడడం.

పరీక్ష ఒకటి ఉన్నది. కన్నులు మూసుకొని, తెరచి, చూపు మొదట ఎక్కడ పడిందో, పిమ్మట ఎక్కడికి పోయిందో గమనించాలి. ఒకేచోట ఇరుక్కుపోతే నడుమ ఉన్న పూవు మరీ పెద్దది. రచన దాటి గోడమీదికి జారిపోతే ఏదో ఒక కొస బయటికి వేలు చూపిస్తున్నది, అక్కడ ఒక మొగ్గను లోపలికి తిప్పాలి. బుద్ధప్రతిమ ముందు పెట్టేటప్పుడు మరొక నియమం. ముంత ప్రతిమకు ఒక పక్కన, పీఠం కంటె తక్కువలో ఉండాలి. పొడుగు రేఖ ప్రతిమవైపు ఒరగాలి. చూపు మందారాల మీదుగా ఎక్కి, ఫెర్న్ కొసదాకా పోయి, అక్కడినుండి ప్రతిమ చేతులమీద వాలి ఆగితే మన పని పూర్తయినట్లు. కంటిని అక్కడిదాకా తీసుకొనివెళ్ళి పూలు తప్పుకోవాలి.

పూలు దొరకవు అనే మాట ఇక్కడ తరచుగా వింటాము. గులాబీలు, లిల్లీలు మెయిన్‌లాండ్ నుండి రావాలని కూర్చొంటే దొరకవు. ఓడలో మూడు రోజులు ప్రయాణం చేసిన గులాబీకి మన పూర్ణిమతో పనేమిటి? పోక, కొబ్బరి, మొగలి, మందార, ఫెర్న్ మన పెరటిలో ఉన్నాయి. ఈ దీవుల అధికార పుష్పమైన పైన్మా ఉన్నది. అయితే అడవిలోని ఆర్కిడ్లను పెరికి తేవద్దు. తీరాన దొరికాయి కదా అని పగడపు ముక్కలను, గవ్వలను ముంత చుట్టూ పేర్చవద్దు. పగడాలకు, అనేక శంఖజాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నది. చట్టం లేకపోయినా, మొదటి శీలం ఉన్నది కదా.

ఇతర బౌద్ధదేశాల పద్ధతుల గురించి క్లుప్తంగా చెబుతాము. శ్రీలంకలో కాడలు తుంచి, పూలను మాత్రమే బల్లమీద వరుసలుగా పరుస్తారు. అక్కడ లయ అంతా రంగుల వరుసలో, దగ్గర దగ్గరి అమరికలో ఉంటుంది. బర్మాలో కూజాలలో నిలబెట్టి పెడతారు, పూలతో సమానంగా ఆకుకొమ్మలకు గౌరవం ఇస్తారు. మన నేరేడుకు దాయాదియైన ఒక చెట్టు రెమ్మలను వారు మంగళకరంగా భావిస్తారు. వలసపాలనలో బర్మానుండి ఈ దీవులకు ఖైదీలుగా వచ్చినవారి చరిత్ర మీకు తెలుసు. మన ఊరి ఫీనిక్స్ బేలోని బర్మా బౌద్ధమందిరాన్ని చూడనివారు ఒకసారి వెళ్ళి చూడండి.

జపానులో ఈ విద్య శాస్త్రమై, సంప్రదాయమై, పీఠాలుగా పెరిగింది. దాని పుట్టుక మాత్రం బుద్ధుని ముందు పెట్టే పూలకుండలోనే. క్యోటోలోని రొక్కకుదో ఆలయ పూజారుల పరంపర ఇకెనొబో. ఆ పరంపరకు చెందిన సెంకెయి పూల అమరికను చూడడానికి జనం వచ్చారని 1462 నాటి ఒక రచన చెబుతున్నది. షిన్, సోయె, తై అని వారు చెప్పే మూడు రేఖలే ఇందాక మనము ముంతలో గుచ్చిన మూడూ. నానబెట్టిన గడ్డికట్ట కూడా వారి పాత పద్ధతే. వారి బౌద్ధపీఠాల మీద పూలముఖం ప్రతిమవైపు కాక, ఎదురుగా కూర్చొన్న మనిషివైపు తిరిగి ఉంటుంది. బుద్ధునికి పూలు అక్కరలేదు, చూసి మేలుకోవలసినది మనిషే అన్న భావం మాకు అందులో కనబడుతుంది.

ఈ దీవులలో నిలబడి జపానును మెచ్చుకోవడం అంత సులభం కాదని మాకు తెలుసు. 1942 మార్చి నుండి 1945 దాకా జపాను సైన్యం ఇక్కడ ఏమి చేసిందో మన ముందుతరాలు చూశాయి. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి చంపారు. మూడు రేఖల పుష్పరచన తెలిసిన దేశపు సైనికులే ఆ పని చేశారు. అందుచేత లయ తెలిసినంత మాత్రాన కరుణ అబ్బుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. రూపం ఒక దారి చూపిస్తుంది, నడవడం మనిషి మీద ఉన్నది.

ఈ సంగతిని తథాగతుడు తన చివరి రాత్రి తానే చెప్పినట్లు మహాపరినిబ్బాణ సుత్తం తెలుపుతున్నది. కుశినారలో సాలవృక్షాలు అకాలంలో పూచి ఆయన దేహం మీద పూలు రాల్చాయి. ఆనందునితో ఆయన, ఇది తథాగతునికి నిజమైన గౌరవం కాదనీ, ధర్మాన్ని అనుసరించి బతకడమే నిజమైన గౌరవమనీ అన్నాడు. పూలే వద్దనే మిత్రులు ఈ ఘట్టాన్ని తరచుగా చూపుతారు. వారు చూపడం సరియైనదే. అయితే ఆయన పూలను తుడిచివేయమని అనలేదు, పూలకంటె పై మెట్టు ఒకటి ఉన్నదని అన్నాడు. అష్టశీలంలో పూలమాలలను, సుగంధాలను విడువమనడం కూడా మన ఒంటి అలంకారం గురించి చెప్పినది. మనము వరాలు కోరి పూలు పెట్టడం లేదు, కోరడానికి అక్కడ దేవుడు లేడు. బుద్ధవందనలో పూలు సమర్పిస్తూ మనము చెప్పుకొనేది, ఈ పూవు వాడినట్లే ఈ శరీరమూ వాడుతుందని. ఆ మాటను నోటితో పలికి, ముందేమో వాడని ప్లాస్టిక్కు దండలు వేసి ఉంచితే అర్థమేమి మిగులుతుంది?

మందారాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. అది సాధారణంగా ఒక్కరోజు పూవు. ఇప్పుడు పైన మొగ్గ ఉన్నది, నడుమ అర విచ్చినది ఉన్నది, కింద నిండుగా విచ్చినది ఉన్నది. రేపు ఉదయానికి కిందిది ముడుచుకొని పోతుంది, మొగ్గ విచ్చుకోవచ్చును. అంటే మనము అమర్చిన లయ మనము ఇంటికి వెళ్ళిన తరువాత కూడా మారుతూనే ఉంటుంది. రాతిలో శిల్పి మొగ్గను, అర విచ్చినదానిని, నిండు తామరను పక్కపక్కన చెక్కి కాలాన్ని చూపాడు. మనకు రాతితో పనిలేదు, కాలమే స్వయంగా వచ్చి ముంతలో పని చేస్తుంది. అనిత్యం గురించి గంటసేపు ఉపన్యసించడం కంటె, పూర్ణిమ నాటి సాయంత్రం ఒకసారి, మరునాటి ఉదయం ఒకసారి పిల్లలను ఈ ముంత ముందు కూర్చోబెట్టడం మేలని మా అభిప్రాయం. కాబట్టి పూర్ణిమ రాత్రే ఊడ్చి పారవేయవద్దు. ఒకరోజు ఉంచి, వాడిన పూలను, గడ్డిని చెట్ల మొదట్లో వేద్దాము.

ఇక ఎవరు అమర్చాలి అన్న ప్రశ్న. ఎవరైనా అమర్చవచ్చును. భర్తను పోగొట్టుకొన్నవారు ముట్టరాదు, నెలసరిలో ఉన్నవారు దగ్గరికి రారాదు అనే నియమాలు మన వేదిక దగ్గర లేవు, ఉండవు. ఈ మాటను గట్టిగా చెప్పవలసి వస్తున్నది, ఎందుకంటే దీక్ష తీసుకొని ఏళ్ళు గడిచినా కొన్ని ఇళ్ళలో ఈ పాత భయం పోలేదు. పూలబుట్ట మోసుకొని వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి పంపించే అమ్మలను మనము చూస్తూనే ఉన్నాము. వారే ముందుకు రావాలి.

మన సభ్యులలో చాలామంది కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వచ్చినవి. సాలిహుండం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ మీ తాతల ఊళ్ళకు దూరం కాదు. ఆ కొండల మీద చైత్యాలు కట్టిన రోజులలో దానం ఇచ్చినవారి పేరు మరుగున పడకూడదని రాతిమీద రాసేవారు. మనకు రాయి అక్కరలేదు, ఒక చీటీ చాలు. రానున్న పూర్ణిమకు ప్రతి ముంత పక్కనా దానిని అమర్చినవారి పేరు, ఇంటివారి పేర్లు, వారి వృత్తి రాసి పెడదాము. పడవ నడిపేవారైతే పడవ నడిపేవారని, తాపీపని అయితే తాపీపని అని, పారిశుద్ధ్యపు పని అయితే అదే అని. విధికుడు ఏ వరుసలో రాయించాడో ఆ వరుసలోనే.

వెనుకగదిలో ఐదు ముంతలు, నానబెట్టిన గడ్డి, రెండు పోకగెలలు ఉంచాము. మందారాలు కావలసినన్ని ఉన్నాయి. సభ ముగిసిన పిమ్మట చేయి వేయదలచినవారు రావచ్చును. పిల్లలను కూడా తీసుకొని రండి, కత్తెర మాత్రం పెద్దల చేతిలో ఉండనీయండి.

నమో బుద్ధాయ. జై భీమ్.